ఎయిర్ రైఫిల్ కి బైపాడ్ కొంటున్నారా? ముందు మీ రైఫిల్ ఏ టైపో చూసుకోండి

ఫోన్ కి ట్రైపాడ్ ఎలాగో, రైఫిల్ కి బైపాడ్ అలాగ. ముందు భాగంలో కింద రెండు కాళ్లు ఉంటాయి కాబట్టి చెయ్యి వణికినా గురి తప్పదు. నేనూ ఇలాగే అనుకుని, రేటింగ్స్ చూసి 900 రూపాయలు పెట్టి ఒకటి ఆర్డర్ చేశాను. గురి బాగుపడలేదు సరికదా, ఇంకా చెడింది! అంతకు ముందు మోచేతులు టేబుల్ మీద ఆనించి 10 మీటర్ల నుండి కాలిస్తే 5 పెల్లెట్లూ ఐదు రూపాయల కాయిన్ అంత చోటులో పడేవి. బైపాడ్ మీద అవే పెల్లెట్లు అరచెయ్యంత మేర చెదిరిపోయాయి.

నేను మాట్లాడేది ఇక్కడ లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ రైఫిల్స్ గురించే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోర్ 4.5 ఎం.ఎం, ఎనర్జీ 20 జౌల్స్ దాటకూడదు. పిట్టల మీద ప్రయోగాలు వద్దు, అది నేరం. పేపర్ టార్గెట్ వెనుక పెల్లెట్ ని ఆపే గట్టి అడ్డు కూడా ఉండాలి.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. నాది స్ప్రింగ్ తో పనిచేసే బ్రేక్ బ్యారెల్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగ్, పిస్టన్ ని ముందుకు తోస్తుంది, అప్పుడు రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ చివరికి వెళ్లి ఆగగానే మళ్లీ ముందుకు కుదుపు. పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే ఈ కదలిక మొదలైపోతుంది. అందుకే ఈ రైఫిల్స్ ని మెత్తటి చేతి మీద వదులుగా ఆనించి కాలుస్తారు. గట్టి టేబుల్ మీద గట్టి కాళ్లు పెడితే ప్రతి షాట్ కీ ఒక్కోలా ఎగురుతుంది. పీసీపీ రైఫిల్ అయితే ఈ గొడవ చాలా తక్కువ. అందులో ముందే నింపిన గాలిని వాల్వ్ వదులుతుంది, బరువైన పిస్టన్ ఉండదు. బైపాడ్ కి అసలైన జోడీ అదే.

నేను చేసిన రెండో తప్పు, బ్యారెల్ కి క్లాంప్ చేసే మోడల్ కొనడం. రైఫిల్ ముందు బరువు బ్యారెల్ మీద పడితే పెల్లెట్ పడే చోటు మారుతుంది. పైగా బ్రేక్ బ్యారెల్ ని ప్రతి షాట్ కీ వంచాలి కదా, వంచిన ప్రతిసారీ క్లాంప్ కాస్త జరిగేది! పీసీపీలో గాలి సిలిండర్ కి క్లాంప్ చేయడం కూడా నాకు నచ్చదు.

బైపాడ్ ఎప్పుడైనా స్టాక్ కే బిగించాలి. కొనేముందు మీ స్టాక్ కింద ఏముందో చూడండి. చిన్న రంధ్రం ఉన్న మేకులాంటి స్వివెల్ స్టడ్ ఉంటే హ్యారిస్ టైప్ బైపాడ్ నేరుగా పడుతుంది. పళ్ల పట్టీలా ఉంటే పికాటిని రైల్, పొడవాటి గాట్లు ఉంటే ఎం-లాక్ కావచ్చు. దేనికి తగ్గ మౌంట్ దానికే కొనాలి. ఇవేవీ లేకపోతే స్టడ్ వేయించాలి. చెక్క స్టాక్ అయితే ముందు సన్నని రంధ్రం వేశాకే స్క్రూ తిప్పండి, లేదంటే చెక్క చీలుతుంది. బిగించేటప్పుడు రైఫిల్ లోడ్ అయి ఉండకూడదు, స్ప్రింగ్ లాగి ఉండకూడదు.

సైజ్ విషయానికొస్తే 6-9 అంగుళాల కాళ్లు టేబుల్ కైనా, పడుకుని కాల్చడానికైనా సరిపోతాయి. పొడుగు పెరిగేకొద్దీ ఊగడం ఎక్కువ. కాస్త పక్కకి ఒరిగే స్వివెల్ మోడల్ తీసుకుంటే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా రైఫిల్ ని నిటారుగా పెట్టుకోవచ్చు. స్టాక్ వెనుక కింద పాత సాక్స్ లో బియ్యం నింపి పెట్టండి. బైపాడ్ ముందు భాగాన్నే ఆపుతుంది, వెనుక భాగం మన భుజం మీదే ఊగుతుంటుంది. 900 రూపాయల బైపాడ్ కంటే ఈ సాక్సే నాకు ఎక్కువ పనికొచ్చింది, నిజం!

పోటీలకి ప్రాక్టీస్ చేసేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లో నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చాలి.

ఇప్పటికే కొనేసి ఉంటే బైపాడ్ తో 5, లేకుండా 5 పెల్లెట్లు వేరువేరు పేపర్ల మీద కాల్చి పోల్చుకోండి. బైపాడ్ తో గుంపు దగ్గరగా పడినా చోటు మారి ఉంటే, స్కోప్ మళ్లీ జీరో చేసుకుంటే చాలు. చెదిరిపోతే మాత్రం తీసి పక్కన పెట్టండి. నాది ఇప్పుడు టూల్ బాక్స్ లోనే ఉంది.