గొట్టపు మడ్‌గార్డు బలము

బంజారా హిల్స్‌లో భవనముల నడుమ నేటికిని గ్రానైటు బండలు తలయెత్తి కనబడుచుండును. ఇట్టి రాతినేలమీద జీపు నడచునప్పుడు ముందుగా దెబ్బ తినునది చక్రముపై నుండు మడ్‌గార్డు. బొంబాయిలో మహీంద్రావారు కూర్ప నారంభించిన విల్లీస్ జీపులకు ఇది పలుచని ఉక్కు రేకు. బురద నాపుటకే కాని బరువు మోయుటకు ఏర్పడినది కాదు. రేకు సొట్టపడి టైరును రాచుకొన్నచో బండి కదలదు. అందుచే రాళ్లలో, అడవులలో తిరుగువారు రేకును తీసి ఉక్కుగొట్టములను అమర్చుకొందురు.

లోన డొల్లయైన గొట్టము నిండు కడ్డీకంటె బలమైనదెట్లు? ఒకే లావు గలవైనచో కడ్డీయే బలమైనది. ఒకే బరువు గలవానిని పోల్చినప్పుడే గొట్టము గెలుచును. కడ్డీ కొనను క్రిందికి నొక్కినచో పైపొరలు సాగును, క్రిందిపొరలు నలుగును. నట్టనడుమ పొర సాగదు, నలుగదు. అనగా అచ్చటి లోహము దాదాపు పనిలేక కూర్చున్నట్లే. దానిని అంచులకు జరిపినచో గొట్టమగును. వెదురు చేసినది ఇదియే. పక్షుల ఎముకలను, రెల్లుకాడలను చూపి 1638లోనే గెలీలియో ఈ సంగతిని వివరించెను.

40 మి.మీ. వెలుపలి వ్యాసము, 3 మి.మీ. మందము గల గొట్టమును తీసికొందము. మీటరుకు సుమారు 2.7 కిలోల బరువుండును. అంతే బరువు గల కడ్డీ వ్యాసము 21 మి.మీ. మాత్రమే. దీనికంటె గొట్టము 3.3 రెట్లు బలమైనది, 6 రెట్లు బిగువైనది. బిగించిన చోటినుండి 60 సెం.మీ. దూరమున 100 కిలోల బరువు పడినదనుకొందము. మొదటివద్ద భ్రామకము 6000 కిలో-సెం.మీ. అప్పుడు గొట్టములో ప్రతిబలము చదరపు సెం.మీ.కు 2000 కిలోలు. కడ్డీలో 6500. మెత్తని ఉక్కు సుమారు 2500 వద్ద శాశ్వతముగా వంగిపోవును. అయితే మందము మరీ తగ్గించినచో గొట్టము వంగుటకు ముందే నొక్కుకొని మడతపడును.

గొట్టము నిలిచినను బిగింపు నిలువవలెను గదా! ఒకదానిపై నొకటి 10 సెం.మీ. ఎడముగా నున్న రెండు బోల్టులైనచో పైదానిపై 600 కిలోల లాగుడు పడును. ఎడము 20 సెం.మీ. చేసినచో 300. ఈ లాగుడుకు బాడీ రేకు చినుగును. కావున రేకు వెనుక వెడల్పైన ఉక్కుపలక నుంచి బలమును పంచవలెను. గొట్టము నడుమనుండి బోల్టు పోవునెడల, బిగించినప్పుడు గొట్టము నొక్కుకొనకుండ లోపల చిన్నగొట్టము నొకదానిని వెల్డుచేయుదురు. అదనపు ఊతకఱ్ఱ ఒకటి చాసిస్‌కు తగిలించుట మంచిదని తోచవచ్చును. కాని రబ్బరు దిమ్మెలపై కూర్చున్న బాడీ చాసిస్‌తో సమముగా కదలదు. రెంటికిని బిగించిన గొట్టము మెలిపడి వెల్డింగు వద్ద పగులును. ఊతను కూడ బాడీకే చేర్చుట మేలు. స్ప్రింగు పూర్తిగా అణగి, చక్రము పూర్తిగా తిరిగినప్పుడును టైరు తగులని ఎత్తున గొట్టము నిలుపవలెను.

వంగని గొట్టము దెబ్బను తనలో ఇముడ్చుకొనదు. ఎదుటివానికి, చాసిస్‌కు అప్పగించును. 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ వాహనముల ముందు తగిలించు ఇనుప గార్డులపై చర్య తీసికొనుడని రాష్ట్రములకు వ్రాయుటకు ఇదియే కారణము. బండి రూపమును మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కూడ హద్దులు పెట్టినది.