వెండి ఫిల్లింగ్ వెళ్లిపోతోంది... ఆ స్థానంలో ఏది?

పన్ను పుచ్చితే డాక్టరు ఆ భాగాన్ని తొలిచి, గుంతలో వెండి రంగు ముద్ద నింపడం నూరేళ్లకు పైగా సాగుతున్న వైద్యం. ఆ ముద్దే అమాల్గమ్. దాని బరువులో దాదాపు సగం పాదరసం. పాదరసం వాడకాన్ని అరికట్టేందుకు రూపొందిన మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ధ్రువీకరించింది. ఒప్పందంలోని దేశాలు 2025 నవంబరులో జెనీవాలో సమావేశమై, 2034 నాటికి అమాల్గమ్‌కు స్వస్తి పలకాలని నిర్ణయించాయి.

పెద్ద నగరాల్లోని దంత వైద్యశాలల్లో పంటి రంగు ఫిల్లింగులు ఇప్పటికే మామూలైపోయాయి. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌ సమీపంలోని అభన్‌పూర్ లాంటి చిన్న ఊళ్లకు, తెలంగాణలోని నల్గొండ పల్లెలకు ఈ మార్పు ఎలా చేరుతుందన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే అమాల్గమ్ చేసే పనులన్నింటినీ ఒంటరిగా చేయగల మరో పదార్థం ఇంతవరకూ లేదు.

నోరు పెట్టే పరీక్షలు

పంటి పైపొర ఎనామెల్. దాని బరువులో 96 శాతం ఖనిజమే. శరీరంలో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. దాని కింద ఉండే డెంటిన్‌లో ఖనిజంతో పాటు ప్రొటీన్, నీరు ఉంటాయి. గట్టిగా కొరికినప్పుడు దవడ పళ్లపై 50 కిలోలకు పైగా బరువు పడుతుంది. ఐస్‌క్రీమ్ తిన్న నోటితోనే వేడి టీ తాగుతాం. అప్పుడు పన్ను ఎంత సాగుతుందో, ఎంత కుంచించుకుపోతుందో ఫిల్లింగ్ కూడా ఇంచుమించు అంతే మారాలి. లేకపోతే రెంటి మధ్య సందు పడుతుంది. ఆ సందులో బ్యాక్టీరియా చేరి చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లత పెరిగి పీహెచ్ విలువ 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఫిల్లింగ్ కింద పన్ను మళ్లీ పుచ్చేది ఇలాగే.

అంటే గట్టిదనం ఒక్కటే చాలదు. అతుక్కోవాలి, అరగకూడదు, వేడికి పంటితో సమంగా సాగాలి, తడిని తట్టుకోవాలి.

అమాల్గమ్ బలం, బలహీనత

వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలిపితే మెత్తటి ముద్ద తయారవుతుంది. కొద్ది నిమిషాల్లోనే అది గట్టిపడటం మొదలవుతుంది. పూర్వపు మిశ్రమాల్లో తగరం, పాదరసం కలిసి బలహీనమైన భాగం ఏర్పడేది. తుప్పు అక్కడే మొదలయ్యేది. 1960లలో రాగి పాళ్లు పెంచాక ఆ లోపం చాలావరకు తీరింది. ఫిల్లింగులు ఏళ్ల తరబడి నిలిచాయి. పంటి చుట్టూ కొంత తడి ఉన్నా పని నడుస్తుంది. ఖర్చూ తక్కువే.

కానీ అది పంటికి అతుక్కోదు. జారిపోకుండా ఉండాలంటే గుంతను పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా తొలవాలి. అందుకోసం బాగున్న పంటి భాగం కూడా పోతుంది. వేడికి అది పంటి కన్నా రెట్టింపుకు పైగా సాగుతుంది. ఇక పాదరసం సంగతి. వైద్యశాలల వ్యర్థాల నుంచి అది మురుగునీటిలోకి చేరి, చివరకు చేపల ద్వారా మనిషి దగ్గరికే రావచ్చు. ఒప్పందం వెనుక ఉన్న ప్రధాన ఆందోళన ఇదే.

కాంతితో గట్టిపడే కాంపోజిట్

1955లో అమెరికా దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ ఎనామెల్‌పై ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి చూశారు. నున్నటి ఉపరితలం గరుకుగా మారి, రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకుంది. తరువాత కొన్నేళ్లకే రాఫెల్ బోవెన్ కొత్త రెజిన్ తయారుచేసి, అందులో సిలికా రేణువులు కలిపారు. నేటి కాంపోజిట్‌కు అదే మూలం.

కాంపోజిట్ పంటి రంగులో కలిసిపోతుంది. పంటికి అతుక్కుంటుంది కాబట్టి పుచ్చిన మేరకే తొలిస్తే సరిపోతుంది. అయితే గట్టిపడేటప్పుడు దాని పరిమాణం రెండు మూడు శాతం దాకా తగ్గుతుంది. అంచుల్లో సందు పడకుండా, లోపలి దాకా గట్టిపడేలా, సాధారణంగా రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి ఒక్కో పొరపై నీలికాంతి ప్రసరింపజేయాలి. ఈలోగా లాలాజలం ఒక్క చుక్క తగిలినా అతుకు చెడుతుంది. అంటే కరెంటు, లైటు, ఉమ్మిని లాగే యంత్రం, డాక్టరు సమయం అన్నీ కావాలి.

పంటితో కలిసిపోయే సిమెంట్

మూడోది గ్లాస్ అయోనమర్ సిమెంట్. లండన్‌లో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ 1970ల తొలినాళ్లలో దీన్ని రూపొందించారు. ఫ్లోరైడ్ ఉన్న గాజుపొడిని పాలీఆక్రిలిక్ ఆమ్ల ద్రావణంతో కలిపితే కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ ఆమ్లం పంటిలోని కాల్షియంతో రసాయన బంధం ఏర్పరుస్తుంది. వేడికి ఈ సిమెంట్ ఇంచుమించు పన్నులాగే సాగుతుంది. పైగా కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతూ చుట్టుపక్కల ఎనామెల్‌కు ఆమ్లాన్ని తట్టుకునే శక్తినిస్తుంది.

1980లలో టాంజానియాలో జో ఫ్రెంకెన్ దీంతో ఓ సులువైన పద్ధతి ఆరంభించారు. డ్రిల్లు, కరెంటు లేకుండా, చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని గీకి, సిమెంట్ నింపడమే ఆ పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సిమెంట్‌ను అత్యవసర ఔషధాల నమూనా జాబితాలో చేర్చింది. కాకపోతే ఇది పెళుసు. చిన్న గుంతల్లో బాగా నిలుస్తుంది. రెండు పళ్ల మధ్య పెద్ద గుంతలో, బరువు పడే చోట అరిగిపోవచ్చు, విరిగిపోవచ్చు.

నల్గొండ పళ్లు చెప్పే సంగతి

ఈ లెక్కలన్నీ మామూలు ఎనామెల్‌కు వేసినవి. తెలుగు నేలపై అన్ని పళ్లూ అలాంటివి కావు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ వ్యాధిపై మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక వెలువడింది. నల్గొండ ఈ సమస్యకు దేశమంతటా గుర్తుగా నిలిచింది. గ్రానైట్ శిలల్లోని ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరిగి చేరడమే కారణం. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని మన దేశ ప్రమాణం.

చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ సరిగా ఏర్పడదు. తెల్లని మచ్చలు, తరువాత గోధుమ రంగు గారలు, తీవ్రమైతే గుంటలు పడతాయి. పైపొర ఆమ్లానికి లొంగదు, దాని కింది భాగం గుల్లగా ఉంటుంది. కాంపోజిట్‌కు ఇదే చిక్కు. మామూలు పంటిపై సరిపోయే ఆమ్లపు పూత ఇక్కడ చాలకపోవచ్చు. పూతను ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను కాస్త గీకడమో చేస్తారు. తేలికపాటి మచ్చలకు పైపైన అరగదీసే చికిత్స చాలు. తీవ్రమైన వాటికి కాంపోజిట్ లేదా సిరామిక్ పలకలు, క్యాప్‌లు అవసరమవుతాయి.

నీటిలో పళ్లను పాడుచేసిన ఫ్లోరైడే సిమెంట్‌లో పళ్లను ఎలా కాపాడుతుందన్న సందేహం సహజం. తేడా మోతాదులో, సమయంలో ఉంది. పన్ను తయారవుతున్నప్పుడు ఒంట్లోకి ఎక్కువగా చేరితే హాని. తయారైన పంటిపై కొద్ది కొద్దిగా పనిచేస్తే మేలు.

మార్పుకు ముందు చేయాల్సింది

పాదరసం పోవడం పర్యావరణానికి మంచిదే. అయితే దాని చోట ఒక్క పదార్థాన్ని పంపితే సరిపోదు. చిన్న గుంతకు, పిల్లల పళ్లకు, కరెంటు నమ్మకం లేని చోటికి గ్లాస్ అయోనమర్ బాగా నప్పుతుంది. బరువు పడే పెద్ద గుంతకు కాంపోజిట్ కావాలి. దానికి తగిన పరికరాలు, శిక్షణ ప్రాథమిక స్థాయికి చేరాలి. ఇవి అందకముందే అమాల్గమ్ ఆగిపోతే, పల్లెలో పేదవాడికి మిగిలే వైద్యం పన్ను పీకించుకోవడమే కావచ్చు.

నోట్లో ఇప్పటికే ఉన్న వెండి ఫిల్లింగ్ బాగుంటే భయపడి తీయించుకోనవసరం లేదు. తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది, బాగున్న పన్నూ పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు మాత్రం కొత్తగా అమాల్గమ్ వేయరాదని మినమాటా ఒప్పందంలో 2022లోనే చేర్చారు. ఇక అందరికీ వర్తించే మాట ఒకటుంది. గుంత చిన్నగా ఉన్నప్పుడే డాక్టరు దగ్గరకు వెళితే, కరెంటు లేని ఊళ్లోనూ పన్నును నిలబెట్టగల పదార్థం ఉంది.