రంపం మిషను కొత్తదైతే తొందర వద్దు... పాతదైతే బ్రేకు చూడండి!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడింది. కొబ్బరి, జీడిమామిడి చెట్లు తోటల్లో అడ్డదిడ్డంగా కూలిపోయాయి. గొడ్డలి, అడ్డరంపాలతో కోసుకుంటూ కూర్చుంటే నెలలు పట్టేటట్టుంది. అప్పుడే మా బావ, నేను కలిసి మొదటి పెట్రోలు రంపం మిషను కొన్నాం. బాట తీయాలన్న ఆత్రమే గాని పుస్తకం చదివే ఓపిక ఎవరికుంది? పెట్రోల్లో ఆయిలు సీసా మూతతో ఉజ్జాయింపుగా పోశాం. మూడో రోజుకే ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు. తప్పు మిషనుది కాదు, మాదే.

దాన్ని బాగు చేయించి ఇన్నాళ్లూ వాడాం. ఈమధ్య కొత్తది కొన్నాం. పాతది తనకిమ్మని పక్క ఊరి రైతు ఒకాయన అడిగాడు. ఎకరం లోపు జీడితోట, తోట పని లేని రోజుల్లో కూలికి చెట్లు కోయడం ఆయన బతుకు. "పాతదైతే ఏటి బాబూ, కోస్తే చాలు" అన్నాడు. సరే, అమ్మే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాం.

మూత కొలత పనికిరాదు

ఈ మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోకు ఇంజన్లే. ఇంజనులో తిరిగే భాగాలకు నూనె అందేది పెట్రోల్లో కలిపిన 2టీ ఆయిలు ద్వారానే. మా మిషను పుస్తకంలో 25కు 1 అని ఉంది. అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. కొన్నింటికి 50కి 1, అంటే 20 మిల్లీలీటర్లు చాలు. పక్కింటాయన ఎంత పోశాడని అడగకండి, మీ పుస్తకంలో ఏముందో అదే పోయండి. మందుల షాపులో దొరికే సిరంజితో కొలిస్తే తేడా రాదు. డబ్బాలో కలిపి బాగా కుదిపాకే ట్యాంకులో పోయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను లాగుతుంది. కాబట్టి వారం పది రోజులకు సరిపడానే కలుపుకోవాలి. పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఉంచాలి.

కొత్త మిషనును తొలి మూడు నాలుగు ట్యాంకుల వరకు గాలిలో ఊరికే ఫుల్ రేజు చేయకూడదు. సన్న కొమ్మలతో మొదలుపెట్టి, మధ్యమధ్యలో ఆపుతూ వాడాలి. ఆపే ముందు ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వాలి. మా బావకు ఇదే నచ్చలేదు. "కొత్త పెళ్లికూతురిలా చూసుకోవాలేటి?" అని విసుక్కున్నాడు. పాత పిస్టన్ సంగతి ఎత్తేసరికి ఊరుకున్నాడు.

గొలుసు సాగుతుంది

కొత్త గొలుసు మొదటి గంటల్లో తప్పకుండా సాగుతుంది. ఇంజను ఆపి, చేతికి తొడుగు వేసుకుని చూసుకోవాలి. బారు కింద గొలుసు వేలాడకూడదు, చేత్తో లాగితే సులువుగా జరగాలి. వేడి మీద బిగిస్తే పని అయ్యాక మళ్లీ వదులు చేయడం మరవద్దు. చల్లారాక గొలుసు ముడుచుకుని బారును, ఇంజను ఇరుసును పట్టి లాగుతుంది. గొలుసు నూనెకు వేరే ట్యాంకు ఉంటుంది. నూనె వస్తోందా లేదా తెలియాలంటే బారు మొనను మొద్దుకు కొంచెం దూరంలో పెట్టి రేజు చేయండి. మొద్దు మీద నూనె చార పడాలి.

ఒకే మానుపై రెండూ

అడుగు మందం ఉన్న జీడిమాను మీద రెండూ పెట్టాం. రెండూ 58 సీసీలే. కొత్తది చూస్తుండగానే కోసేసింది. పాతది మూలుగుతూ పొగ కక్కింది, కింద పడింది పిండిలాంటి పొట్టు. ఇంకేముంది, పాతది పనైపోయిందన్నారు అందరూ. నాకెందుకో అనుమానం వచ్చి కొత్త గొలుసు తీసి పాతదానికి వేయించాను. అంతే, బియ్యపు గింజలంత పెళ్లలు రాలాయి! కోతలో తేడా కొద్దిపాటిదే. లోపం ఇంజనులో లేదు, పళ్లలో ఉంది. కూలిన కొబ్బరి మానుకు పట్టిన ఇసుక పళ్లను ఇట్టే మొద్దు చేస్తుంది.

పాత గొలుసును మా గొలుసుకు సరిపోయే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో రాశాం. లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో, ప్రతి పంటికీ లెక్కపెట్టి మూడేసి సార్లు. మట్టి పట్టిన గాలి ఫిల్టరు కడిగాం. దాంతో పాతది కూత మార్చింది. అయినా చేతులకు వచ్చే అదురు మాత్రం తగ్గలేదు. అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కాయి. అదురు ఆపే రబ్బర్లు అరిగిపోయాయన్నమాట.

అసలు సంగతి బ్రేకు

బారు ముక్కు పైభాగం కొమ్మకు తగిలితే మిషను ఒక్క ఉదుటున మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. అప్పుడు ఆదుకునేది ముందున్న బ్రేకు పట్టీయే. మిషనును నేల మీద గట్టిగా అదిమి పట్టి, రేజు చేసి, పట్టీని మణికట్టుతో ముందుకు నెట్టి చూశాం. కొత్తదాని గొలుసు టక్కున ఆగింది. పాతది తిరుగుతూనే ఉంది.

"మెల్లగా కోసుకుంటాను బాబూ, ఇచ్చీండి" అన్నాడాయన. బావ ధర తగ్గించడానికి కూడా సిద్ధపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. కూలికి చెట్లెక్కే మనిషికి ఆ మిషను ఎలా ఇస్తాం? బ్రేకు బ్యాండు, రబ్బర్లు తెప్పించాకే ఇస్తామని చెప్పాం, ఆ ఖర్చు మాదే. మిషను ఇంకా మా సావిట్లోనే ఉంది. ఆయన మాత్రం ఆకురాయి, పాత గొలుసు పట్టుకెళ్లాడు, రాయడం నేర్చుకుంటానని.