పలికించిన వాని సొత్తు

స్టేషను ఘనపురమున రైలు దిగి దక్షిణముగా పోయినచో సోమనాథకవి పేర ప్రసిద్ధమైన పాలకుర్తియు, దాని చేరువనే పోతనామాత్యుని బమ్మెరయు వచ్చును. పోతన కడప సీమలోని ఒంటిమిట్టవాడని వాదించువారు చిరకాలముగా కలరు. ఏకశిలానగరము ఓరుగల్లేయని మా నమ్మకము. ఆ తగవు నటుంచి, ఆ మహాకవి తన కవితకు మూలమేమని చెప్పుకొనెనో విచారింతము.

భాగవత ప్రథమస్కంధమున నొక విచిత్ర ఘట్టము కలదు. వేదములను విభజించి, భారతమును రచించిన వ్యాసునికే మనస్సు కుదుటపడలేదు. సరస్వతీ తీరమున ఖిన్నుడై యుండగా నారదుడు వచ్చి, ధర్మములెన్నియో చెప్పితివి గాని హరికథను చాలినంత చెప్పవైతివని మందలించెను. భాగవతము పుట్టినదా మందలింపునుండియే. వ్యాసునికి పాండిత్యము కొఱతయా? హరినామము లేని కావ్యము, ఎంత సొగసైనదైనను, కాకులు మూగు గుంటవంటిదని నారదుని తీర్పు. దాని నక్షరాలా పాటించినచో మన ప్రబంధములలో సగము అటకెక్కవలసినదే!

15వ శతాబ్దిలో పోతనకును అట్టి పిలుపే వచ్చెను. చంద్రగ్రహణవేళ నదీస్నానము చేసి మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరాముడు పొడసూపి భాగవతమును తెనిగింపుమనెనని అవతారికలో చెప్పెను. ధ్యానించినది శివుని, ఆజ్ఞాపించినది రాముడు! శైవవైష్ణవ కలహములతో పొద్దుపుచ్చువారు దీనిని గమనింతురు గాక. పలికించువాడు రాముడేయన్న మాటను కేవల వినయమని కొందఱందురు. అట్లయినచో ఊళ్లకును వాహనములకును ఆశించి కృతిని రాజుల కిచ్చుటను ఆయన యేల రోసెను? తనది కాని సొత్తును అమ్ముట యెట్లు? శ్రీహరికే అంకితమిచ్చెను.

రాజాశ్రయమును మేము నిందింపము. రాజరాజనరేంద్రుడు కోరనిచో నన్నయ భారతము లేదు. కాని కోరినవాడు భారతమును కోరెను, తన పొగడ్తను మాత్రమే కాదు.

పోతన భాగవతమున పంచమస్కంధము గంగన పేరను, షష్ఠము ఏర్చూరి సింగన పేరను, చివరి రెండును వెలిగందల నారయ పేరను ఉన్నవి. శిథిలమైన భాగములను వీరు పూరించిరని ప్రతీతి. ఒకని స్వార్జితమైన గ్రంథమున నలుగురు చేయి చేసికొనుట దోషము కావచ్చును. దేవుని పనిలో అది సేవ. ఆ సేవ నేటికిని మిగిలియున్నది. పల్లెలలో పాత లోగిళ్ల అటకలపై తాళపత్రములు చెదల పాలగుచున్నవి. కృతిపతులు కాగోరు భూస్వాములు సన్మానసభల వ్యయమును తగ్గించి, ముందుగా తమ యింటి అటకలు దింపించి, ఆ కట్టలను చదువగల పండితులకు అప్పగింపవలెను.