తల్లికోడి ఇచ్చే రక్ష

పెరటిలో తల్లికోడి వెంట తిరిగే పిల్లలను మనమందరం చూచినవారమే. తల్లి గీరిన మట్టిలో గింజలు ఏరుకొనేటప్పుడు, ఆ గింజలతోపాటు తల్లి పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు కూడా పిల్లలకు సంక్రమిస్తాయి. యంత్రంలో పొదిగిన పిల్లకు ఈ భాగ్యం లేదు. దాని పేగులు కాపురం లేని ఇల్లు వంటివి. అట్టి ఇంటిలో దొంగలు చేరడం సులభం.

ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థాన్ని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని 1950 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞులు స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ గుర్తించారు. నాటినుండి ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు సైతం స్వల్ప మోతాదులో యాంటీబయాటిక్‌లు మేపడం అనేక దేశాలలో ఆచారమైంది. లాభం వెంటనే కనిపించింది. నష్టం ఆలస్యంగా తెలిసింది. స్వల్పమైన మందుకు బలహీనమైన క్రిములు నశిస్తాయి. తట్టుకొన్నవి మిగిలి వృద్ధి పొందుతాయి. అవి మాంసం, నీరు, ఎరువుల ద్వారా మనుష్యులను చేరితే, ప్రాణాపాయంలో ఉన్న రోగికి ఇచ్చిన మందు కూడా పనిచేయకపోవచ్చు. అందుచేతనే పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లను వాడడాన్ని స్వీడన్ 1986లోను, ఐరోపా సమాఖ్య 2006లోను నిషేధించాయి. వైద్యులు కడపటి అస్త్రంగా దాచుకొన్న కొలిస్టిన్‌ను ఆహారానికై పెంచే జీవులకు వాడరాదని మన దేశం 2019లో ఆదేశించింది.

మరి ప్రత్యామ్నాయం ఏమిటి? ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు నుర్మి, రంటాలా ఎదిగిన కోళ్ల పేగులలోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు అందించి చూచారు. ఆ పిల్లలు సాల్మొనెల్లా క్రిమిని చాలవరకు ఎదుర్కొనగలిగాయని 1973లో ప్రకటించారు. మేలు చేసే జీవులు ముందుగానే చోటు ఆక్రమించుకోవడమే ఇందుకు ముఖ్యకారణం.

ఇట్లు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్‌లు అంటారు. మన పెరుగులోని జీవులకు దగ్గరి బంధువులైన లాక్టోబాసిల్లస్‌లు పేగులలో ఆమ్లాన్ని పుట్టించి, హానికర క్రిములకు ఆ తావును ప్రతికూలం చేస్తాయి. బాసిల్లస్ జాతి జీవులు గట్టి కవచంగల సిద్ధబీజాలుగా మారి, దాణా తయారీలోని వేడిని సైతం తట్టుకొంటాయి.

అయితే ప్రోబయోటిక్ సర్వరోగ నివారిణి కాదు. జబ్బుపడిన కోడికి పశువైద్యుని చికిత్స తప్పదు. షెడ్డులో పరిశుభ్రత, శుద్ధమైన నీరు, సకాలంలో టీకాలు లేనిచోట దాని ప్రయోజనం స్వల్పమే. కోడిగుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో నిలిచిన తెలుగు రాష్ట్రాల రైతులు ఈ జాగ్రత్తలన్నీ కలిపి పాటించాలి. అప్పుడే తల్లిలేని పిల్లకు రక్ష లభిస్తుంది. రోగికి అవసరమైన మందు తన శక్తిని నిలుపుకొంటుంది.