ఉద్యోగియు, ఆత్మరక్షణమును

పోటీ వ్యాపారమునకు వన్నె తెచ్చునేమో గాని, ఒకే గదిలో కూర్చుండి ఒకే పనిని సాధింపవలసినవారి నడుమ దానిని ప్రవేశపెట్టినచో పనియు చెడును, పనివాడును చెడును.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 1981 మొదలు 2001 వఱకు అధిపతిగా నుండిన జాక్ వెల్చ్ ఉద్యోగులను మూడు తెగలుగా విభజించు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. నూటికి 20 మంది ఉత్తములు, 70 మంది మధ్యములు, 10 మంది అధములు. కడపటివారికి ఇంటిత్రోవ చూపవలెను. మైక్రోసాఫ్టు సంస్థయందును ఇట్టి శ్రేణీవిభాగమే పెక్కేండ్లు నడచి 2013 నవంబరులో రద్దయ్యెను. పదుగురును సమర్థులే యైనను అందొకడు అధముడు కాక తప్పదను లెక్క యిది! తోడివాని ఓటమి తన గెలుపగునప్పుడు, తెలిసిన కిటుకును ప్రక్కబల్లవానికి చెప్పువాడెవడు?

ఈ సంగతి ఆంధ్రులకు పరాయిది కాదు. హైదరాబాదునను, అమెరికాయందును వేలకొలది తెలుగు యువతీయువకులు ఇట్టి పోటీ కొలువులలో నున్నారు. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్నవానికి ఉద్యోగము పోయినచో, వేఱొక యజమానిని వెదకికొనుటకు సాధారణముగా లభించు గడువు 60 దినములకు మించదు. అద్దె యిల్లు, బడిలోని బిడ్డలు, స్వగ్రామమున తండ్రి చేసిన అప్పు, అన్నియు ఆ గడువుపైననే వ్రేలాడుచుండును. అట్టివాడు అన్యాయమును సహించినచో పిఱికివాడని నిందించుట సులభము. వాని స్థానమున నిలుచుట సులభము కాదు.

అయిన కర్తవ్యమేమి? మొదటిది లేఖనము. చేసిన పనిని ఏనాటికానాడు తేదీతో వ్రాసికొనవలెను. నోటిమాటగా వచ్చిన ఉత్తరువును, తాను గ్రహించిన తీరు తెలుపుచు ఒక చిన్న జాబుతో స్థిరపఱచుకొనవలెను. సంవత్సరాంతమున తీర్పు చెప్పు అధికారికి జనవరినాటి శ్రమ జ్ఞాపకముండదు, వ్రాతకుండును. కాని సంస్థవారి రహస్యపత్రములను ఇంటికి గొనిపోవుట ఆత్మరక్షణము కాదు, అపరాధము. రెండవది, ఒక్క అధికారి అనుగ్రహమునే నమ్ముకొనక, తన పనితనము ఇతర శాఖలవారికిని తెలియునట్లు మెలగవలెను. మూడవది, కొన్ని నెలల గ్రాసము నిలువ చేసికొనవలెను. ఇంట గింజ యున్నవాడే కాని మాటను కాదనగలడు.

అయితే డాలు పట్టుట వేఱు, కత్తి దూయుట వేఱు. తోడివాని కృషిని తనదిగా చెప్పుకొనువాడును, వెనుక చాడీలు మోయువాడును తన్ను రక్షించుకొనుట లేదు. రేపు తనకే తగులు ఆయుధమును నేడు నూఱుచున్నాడు. పరుని కష్టమును వాని పేరుతోనే నలుగురిలో చెప్పువానికి, తన వంతు వచ్చినప్పుడు సాక్ష్యము చెప్పువారు కొందఱైనను మిగులుదురు. పదుగురిలో నొకనిని బలిగోరు లెక్కకు ఆ పదుగురి పరస్పర విశ్వాసమే సరియైన జవాబు.