మాగ్నెట్ కాయిలు కథ

నిజాంసాగర్ ఆనకట్ట దగ్గరి విద్యుత్ కేంద్రంలో మంజీర నీళ్లతో తిరిగే జనరేటరూ, ఎల్లారెడ్డి రోడ్డు మీద పోయే బైకులో మెకానిక్కులు ‘మాగ్నెట్ కాయిలు’ అని పిలిచే స్టేటరూ ఒకే సూత్రానికి పుట్టినవి. తీగ చుట్టిన స్టేటరు కదలదు, అయస్కాంతం తిరుగుతుంది. ఆనకట్ట దగ్గర ఆ అయస్కాంతానికి కరెంటుతో బలమిస్తారు. బండిలో శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి.

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఇనుప రింగుకు రెండు పక్కలా రాగితీగ చుట్టాడు. తీగకు ఎనామెల్ పూత లేని కాలమది. చుట్టుకు చుట్టు తగలకుండా పురికొస, గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఒక పక్క కరెంటు కలిపినప్పుడూ, తీసినప్పుడూ రెండో పక్క తీగ దగ్గరి అయస్కాంత సూచి కదిలింది. ఏడాది తిరిగేసరికి పారిస్‌లో పిక్సీ చేత్తో తిప్పే జనరేటరు తయారుచేశాడు. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్ హై వోల్టేజి మాగ్నెటో తెచ్చాక మోటారు బండ్లకు నమ్మదగిన స్పార్కు దొరికింది. అలీ నవాజ్ జంగ్ కట్టించిన నిజాంసాగర్ 1931లో, ఫారడే రింగుకు వందేళ్లకు పూర్తయింది.

ఫారడేకు గుడ్డ చేసిన పనిని ఈనాడు వెంట్రుకంత మందం కూడా లేని ఎనామెల్ పూత చేస్తోంది. స్టేటరు కాలేదీ అక్కడే. ఇంజను వేడికి పూత మాడి, చుట్లు ఒకదానికొకటి తగిలి షార్టవుతాయి, లేదా తీగ ఇనుప కోరుకు తగిలి ఎర్తవుతుంది. బ్యాటరీ, రెక్టిఫయరు బాగున్నా చార్జింగ్ ఎక్కకపోతే మల్టీమీటరు పెట్టి చూడాలి. వైరుకూ కోరుకూ మధ్య కనెక్షన్ చూపకూడదు. ఒక కొసను కోరుకే కలిపిన పాత రకాల్లో ముందు ఆ కొస విప్పాలి.

ఇంట్లో రీవైండింగ్ చేయడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, ఓపిక కావాలి. మాడిన తీగను ఒక్కొక్క చుట్టే విప్పుతూ లెక్కపెట్టాలి. ఎనామెల్ గీకి మైక్రోమీటరుతో గేజీ కొలవాలి. సింగిల్ ఫేజ్ స్టేటర్లలో సాధారణంగా ఒక పోలుకు (తీగ చుట్టే కోరు పన్నుకు) కుడివైపు చుడితే పక్కదానికి ఎడమవైపు చుట్టి ఉంటారు. ఎదుట అయస్కాంతం ఉత్తర, దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి వస్తాయి కాబట్టి, అన్నీ ఒకే వైపు చుడితే ఒకదాని కరెంటును ఇంకొకటి కొట్టేస్తుంది. కోరు అంచుల దగ్గర ఇన్సులేషన్ పేపరు పెట్టకపోతే కొత్త తీగ గీసుకుపోతుంది. చివరికి వార్నిష్ పోసి, వేడిమీద ఆరబెట్టాలి. ఇంజను ఆయిల్లో మునిగే స్టేటరుకు ఎక్కువ వేడి తట్టే తీగ, వార్నిష్ తప్పనిసరి.

బోరు మోటార్లు కాలిన ప్రతిసారీ రైతులు పరుగెత్తే వైండింగ్ షాపుల్లో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. నేర్చుకోదలచిన కుర్రాళ్లు ఆ షాపుల వాళ్ల దగ్గర కూర్చోండి. ఒక్కటి మాత్రం మరవకండి: పాత తీగ కత్తిరించే ముందు చుట్లు, గేజీ, తిప్పిన వైపు, కొసలు కలిపిన తీరు కాగితం మీద రాసుకోండి. మీ బండి స్టేటరుకు మీ చేతికందే నకాషా ఆ మాడిన కాయిలే.